ఎక్స్ డ్రైవులో గిడ్డంగి: ఆబ్జెక్ట్ స్టోరేజీని కంప్యూటరుకు తగిలించుకునే పద్ధతి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. పర్లాకిమిడిలో మా ఫొటో స్టూడియో పైకప్పు రేకులు మూడు ఎగిరిపోయాయి. కింద ఉన్న బీరువాలో రెండు హార్డ్‌డిస్కులు ఉండేవి. ఒకటి అసలు, రెండోది నకలు. రెండూ ఒకే అరలో, ఒకే గుడ్డ సంచిలో! ఇటు కాశీనగర్, గుణుపురం, అటు పాతపట్నం, టెక్కలి, ఇలా నాలుగేళ్ల పెళ్లిళ్లన్నీ కలిసి తడిశాయి. నకలు తీసిపెట్టడం నాకు తెలుసు గానీ అది వేరే ఊళ్లో ఉండాలని తెలియలేదు.

ఇప్పుడు నా కంప్యూటరులో సి, డి డ్రైవుల పక్కన ఎక్స్ అనే డ్రైవు కనిపిస్తుంది. అందులో ఉన్నవేవీ మా ఊళ్లో లేవు. ఇంటర్నెట్ ద్వారా ఒక సంస్థ దగ్గర అద్దెకు తీసుకున్న స్థలంలో ఉన్నాయి. ఆ రకం నిల్వనే ఆబ్జెక్ట్ స్టోరేజీ అంటారు. దాన్ని అమర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. దాని స్వభావం తెలియక నేను చేసిన తప్పులను సరిదిద్దుకోవడానికి మాత్రం ఒక పెళ్లిళ్ల సీజను పట్టింది. అందుకే అమరిక కంటే ముందు స్వభావం గురించి చెబుతాను.

ఇది డ్రైవులా కనిపించే గిడ్డంగి

హార్డ్‌డిస్కులో ఫైలు చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క మారితే ఆ ముక్కనే తిరిగి రాస్తారు. ఆబ్జెక్ట్ స్టోరేజీలో ఫైలు మొత్తం ఒకే మూట. మూటకు ఒక పేరుచీటీ, అంతే. మూట విప్పి లోపల ఒక కాగితం మార్చడం కుదరదు. కొత్త మూట కట్టి పాతదాని స్థానంలో పెట్టాలి. 300 మెగాబైట్ల ఆల్బమ్ డిజైనులో పెళ్లికూతురి పేరులో ఒక్క గుడి దిద్దినా 300 మెగాబైట్లూ మళ్లీ పైకి వెళ్లాల్సిందే.

ఫోల్డర్లు కూడా నిజంగా ఉండవు. 'సంవత్సరం, గీత, ఊరు, గీత, ఫొటో సంఖ్య' అన్నదంతా కలిపి ఒకటే పొడవాటి పేరు. మధ్యలో ఉన్న ఏటవాలు గీతను చూసి ఫోల్డరు ఉన్నట్టు మన కంప్యూటరు నటిస్తుంది. కాబట్టి 800 ఫొటోలున్న ఫోల్డరు పేరు మారిస్తే అక్కడ జరిగేది 800 సార్లు నకలు, 800 సార్లు తొలగింపు. డి డ్రైవులో రెప్పపాటులో అయ్యే పనికి ఇక్కడ నిమిషాలు పట్టడానికి కారణం ఇదే.

ఈ పద్ధతిని అమెజాన్ 2006 మార్చిలో ఎస్3 పేరుతో జనానికి అందించింది. తరువాత వచ్చిన చాలా సంస్థలు అదే భాష మాట్లాడతాయి. అందువల్ల ఇక్కడ చెప్పే అమరికలో ఒకటి రెండు గడులు మార్చుకుంటే చాలు, అలాంటి ఏ సంస్థకైనా పనికొస్తుంది.

ఎవరి దగ్గర స్థలం తీసుకోవాలి

అమెజాన్‌కు ముంబయిలోనూ, 2022 నుంచి హైదరాబాద్‌లోనూ కేంద్రాలున్నాయి. దగ్గర కాబట్టి వేగం బాగుంటుంది. కాని దాచినందుకే కాక, నెలకు కొంత ఉచిత పరిమితి దాటాక బయటికి తీసుకున్నందుకూ రుసుము పడుతుంది. మా వృత్తిలో ఆల్బమ్ మళ్లీ కావాలంటూ ఎప్పుడు ఎవరు వస్తారో తెలియదు. అందుకని తీసుకునేటప్పుడు రుసుము లేని క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2ను ఎంచుకున్నాను. నేను చేరినప్పుడు నెలకు మొదటి 10 గిగాబైట్లు ఉచితం, ఆపైన గిగాబైటుకు 0.015 డాలరు. ఆ లెక్కన 200 గిగాబైట్లకు పన్నులు కాక నెలకు మూడు డాలర్ల లోపు, ఒక టెరాబైటుకు సుమారు పదిహేను. మీరు చేరే రోజున ధరల పేజీ మళ్లీ చూసుకోండి.

ఉచిత పరిమితిలోనే ఉండదలచుకున్నా కార్డు వివరాలు అడుగుతారు. చెల్లింపు దగ్గర ఆగిపోతే బ్యాంకు యాప్‌లో మీ కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ అయి ఉన్నాయో లేదో చూడండి. నేను దీని కోసం ఒక పూటంతా పోగొట్టుకున్నాను.

బకెట్, తాళాలు

ఖాతా తెరిచాక డాష్‌బోర్డులో ఆర్2 విభాగానికి వెళ్లి బకెట్ సృష్టించండి. బకెట్ అంటే గిడ్డంగిలో మీ గది. దాని పేరులో ఆంగ్ల చిన్న అక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప మరేవీ పనికిరావు. పొడవు 3 నుంచి 63 అక్షరాలు. మన ఉదాహరణలో 'స్టూడియో-ఆర్కైవ్' అనుకుందాం. ప్రాంతం ఎంచుకోమంటే ఆసియా పసిఫిక్ అనండి.

తరువాత తాళాలు. ఆర్2 పేజీలోనే ఏపీఐ టోకెన్ల నిర్వహణ అనే లంకె ఉంటుంది. టోకెన్ అంటే మీ గదిలోకి ఒక ప్రోగ్రామును రానిచ్చే తాళం. కొత్త టోకెన్ చేసేటప్పుడు నాలుగు రకాల అనుమతులు చూపిస్తుంది. అడ్మిన్ అని ఉన్నవాటిని ముట్టుకోవద్దు. ఆబ్జెక్టులు చదవడం, రాయడం అనే అనుమతి తీసుకుని, అది మీ ఒక్క బకెట్‌కే వర్తించేలా పరిమితం చేయండి. గది తాళం ఇస్తే చాలినప్పుడు ఇంటి తాళాల గుత్తి మొత్తం దుకాణం కంప్యూటరులో పెట్టడం దేనికి?

చివర తెరమీద కనిపించేవాటిలో మనకు కావలసినవి మూడు: యాక్సెస్ కీ, సీక్రెట్ కీ, ఎండ్‌పాయింట్ చిరునామా (నెట్‌లో మీ గిడ్డంగి ఉన్న చోటు). సీక్రెట్ కీ ఆ ఒక్కసారే కనిపిస్తుంది. వాటిని కాపీ చేసుకోకుండా పేజీ మూస్తే మళ్లీ కొత్త టోకెన్ చేసుకోవడమే.

రెండు ప్రోగ్రాములు

విండోస్‌లో రెండు కావాలి, రెండూ ఉచితమే. మొదటిది విన్ఎఫ్ఎస్‌పి. బయటి నిల్వను విండోస్‌కు డ్రైవుగా నమ్మించేది ఇదే. మామూలుగా ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది. రెండోది ఆర్‌క్లోన్, అసలు పనిమంతుడు. ఫైళ్లను మీ కంప్యూటరుకూ గిడ్డంగికీ మధ్య చేరవేసేది ఇదే. దాని వెబ్‌సైటు నుంచి జిప్ దించి, విప్పి, లోపలి ఫైలును సి డ్రైవులో 'ఆర్‌క్లోన్' అనే ఫోల్డరులో పెట్టండి. ఆ ఫోల్డరు తెరిచి, పైన చిరునామా పట్టీలో సి, ఎం, డి అనే మూడు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ తెరుచుకుంటుంది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఈ కిటికీని అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరవవద్దు. అలా తెరిచి తగిలించిన డ్రైవు ఆ హోదాకే కనిపిస్తుంది. మామూలుగా ఫైళ్లు చూసే చోట కనపడదు. అన్నీ సరిగ్గా చేసినా డ్రైవు రాలేదంటూ నాకు ఫోన్ చేసేవారిలో ఎక్కువమంది సమస్య ఇదే.

ఇక్కడి నుంచి ఆదేశాలను తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఆంగ్లంలో, అన్నీ చిన్న అక్షరాల్లో కొట్టండి. 'క్యాష్' అన్న చోట సి, ఏ, సి, హెచ్, ఇ. నగదు అనే అర్థం వచ్చే స్పెల్లింగ్ కాదు.

అమరిక

'ఆర్‌క్లోన్ కాన్ఫిగ్' అని కొట్టండి. కొత్తదానికి 'ఎన్' నొక్కండి. పేరు అడుగుతుంది, 'గోడౌన్' అనండి. తరువాత ఏ రకం నిల్వ అంటూ చాంతాడంత జాబితా చూపిస్తుంది. వరుస సంఖ్య కొట్టవద్దు, వెర్షన్ మారినప్పుడల్లా అది మారుతుంది. 'ఎస్3' అనే మాటే కొట్టండి. సంస్థ పేరు దగ్గర 'క్లౌడ్‌ఫ్లేర్' అని రాయండి, ఇక్కడ మాత్రం మొదటి అక్షరం పెద్ద 'సి'. తాళాలు ఎక్కడి నుంచి తేవాలని అడిగితే చేత్తో ఇస్తామనే మొదటి ఎంపిక. ఆపై యాక్సెస్ కీ, సీక్రెట్ కీ అతికించండి. ప్రాంతం దగ్గర 'ఆటో'. ఎండ్‌పాయింట్ దగ్గర మీరు కాపీ చేసుకున్న చిరునామా. మిగతా ప్రశ్నలకు ఎంటర్ నొక్కుతూ పోయి, చివర 'వై' అని ఒప్పుకొని, 'క్యూ' నొక్కి బయటికి రండి.

ఒక బకెట్‌కే పరిమితమైన తాళం కాబట్టి ఇంకొక మాట చెప్పాలి. ఆర్‌క్లోన్‌కు రాసే ముందు బకెట్ ఉందో లేదో చూసి, లేకపోతే సృష్టించే అలవాటు ఉంది. మన తాళానికి ఆ హక్కు లేదు, కాబట్టి తిరస్కరణ వస్తుంది. ఆ అలవాటు మాన్పించడానికి:

ఆర్‌క్లోన్ కాన్ఫిగ్ అప్‌డేట్ గోడౌన్ నో_చెక్_బకెట్ ట్రూ

మాటల మధ్య ఉన్నది అండర్‌స్కోర్, అడ్డగీత కాదు.

ఇప్పుడు పరీక్ష. 'ఆర్‌క్లోన్ ఎల్ఎస్ గోడౌన్:స్టూడియో-ఆర్కైవ్' అని కొట్టండి. బకెట్ ఖాళీ కాబట్టి ఏమీ చూపించకుండా తిరిగి వస్తే అంతా బాగున్నట్టు. బకెట్ పేరు లేకుండా వట్టి 'గోడౌన్:' అని అడిగితే అనుమతి లేదంటుంది. మిగతా గదుల జాబితా చూసే హక్కు మీ తాళానికి లేదు మరి. అది లోపం కాదు.

తాళాలు సరైనవే అయినా తిరస్కరిస్తుంటే కంప్యూటరు గడియారం చూడండి. ప్రతి అభ్యర్థన మీదా సమయంతో కూడిన సంతకం ఉంటుంది. ఎస్3 పద్ధతిలో పదిహేను నిమిషాలకు మించి తేడా ఉంటే ఆ సంతకం చెల్లదు. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లు కరెంటు పోయి వచ్చాక ఏదో పాత సంవత్సరంలో లేస్తాయి.

తగిలించడం

ఆర్‌క్లోన్ మౌంట్ గోడౌన్:స్టూడియో-ఆర్కైవ్ ఎక్స్: --విఎఫ్ఎస్-క్యాష్-మోడ్ ఫుల్ --విఎఫ్ఎస్-క్యాష్-మ్యాక్స్-సైజ్ 50జి --క్యాష్-డిర్ డి:\క్యాష్ --నెట్‌వర్క్-మోడ్ -వి

ఇదంతా ఒకే వరుస. కొట్టాక కిటికీ అలాగే నిలబడి ఉంటుంది, ఎక్స్ డ్రైవు వస్తుంది. కిటికీ మూస్తే డ్రైవు పోతుంది.

ఆదేశంలో అడ్డగీతలతో మొదలయ్యే ఒక్కో ఎంపికను జెండా అంటారు. మొదటి జెండా, క్యాష్ మోడ్ ఫుల్, తీసేయడానికి వీల్లేనిది. మూటను మధ్యలో దిద్దలేమని చెప్పాను కదా. ఫొటోషాప్, ఎక్సెల్ లాంటివి ఫైలు మధ్యలోకి వెళ్లి రాస్తాయి. ఈ జెండా ఉంటే ఆర్‌క్లోన్ ముందు మీ డిస్కులో ఒక తాత్కాలిక నకలు పెట్టుకుని, రాతలన్నీ అందులో జరగనిచ్చి, ఫైలు మూశాక మూట కట్టి పైకి పంపుతుంది. చదివేటప్పుడు అడిగిన భాగాన్నే దించుకుంటుంది. రెండు గంటల పెళ్లి వీడియోలో తలంబ్రాల దగ్గరికి జరిపితే ముందున్న గంటంతా దించదు.

50జి అంటే ఆ తాత్కాలిక నకళ్లకు 50 గిగాబైట్లు. క్యాష్-డిర్ వాటిని సి డ్రైవు నుంచి డికి మారుస్తుంది. నెట్‌వర్క్ మోడ్ దీన్ని నెట్‌వర్క్ డ్రైవుగా చూపిస్తుంది. దీని పర్యవసానం ఒకటి గుర్తుంచుకోండి: ఇక్కడ తొలగించినది రీసైకిల్ బిన్‌కు వెళ్లదు. ఆర్2లో పాత వెర్షన్లు దాచే సౌకర్యం కూడా లేదు. డిలీట్ అంటే డిలీటే. ఆ భయం ఉన్నవారు పాత వెర్షన్లు దాచే బ్యాక్‌బ్లేజ్ బి2 లాంటిది చూసుకోవచ్చు.

సేవ్ అయింది అంటే పైకి వెళ్లిందని కాదు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి. 4 గిగాబైట్ల వీడియోను ఎక్స్ డ్రైవులోకి లాగితే విండోస్ నిమిషంలో 'అయింది' అంటుంది. పేరు కనిపిస్తుంది, రెండుసార్లు నొక్కితే వీడియో ఆడుతుంది కూడా. అది ఆడుతున్నది మీ డి డ్రైవులోని తాత్కాలిక నకలు. ఫైలు మూసిన అయిదు సెకన్లకు అసలు అప్‌లోడ్ మొదలవుతుంది. మీ లైను వేగాన్ని బట్టి ఎప్పుడో ముగుస్తుంది. నేను ఒకసారి ఎక్స్‌లోకి లాగి, 'వెళ్లిపోయింది' అనుకుని మెమొరీ కార్డు ఫార్మాట్ చేసి, కంప్యూటరు కట్టేసి ఇంటికి వెళ్లిపోయాను. మర్నాడు చూస్తే పైన ఏమీ లేదు. అదృష్టవశాత్తు డి డ్రైవులో ఉంది.

ఆదేశం చివర ఉన్న '-వి' దీనికోసమే. అది ఉంటే నల్ల కిటికీలో నిమిషానికోసారి ఒక వరుస వస్తుంది. అందులో 'టు అప్‌లోడ్', 'అప్‌లోడింగ్' అనే మాటల పక్కన అంకెలుంటాయి. రెండూ సున్నా అయ్యేదాకా కార్డు ఫార్మాట్ చేయవద్దు, కంప్యూటరు కట్టవద్దు. చాలామంది ఈ కిటికీ చూడటానికి బాగాలేదని దాచేసే చిట్కాలు చెబుతారు. నేను దాచను. మా స్టూడియోలో సాయంత్రం షట్టరు దించే ముందు ఆ రెండు సున్నాలు చూడటం మా కుర్రాడి పని.

మధ్యలో కరెంటు పోతే కంగారు పడవద్దు. తరువాత అదే ఆదేశాన్ని, అవే జెండాలతో మళ్లీ నడిపితే మిగిలిపోయినవాటిని ఆర్‌క్లోన్ తనే పంపుతుంది. కాని ఈలోగా ఎవరైనా 'డిస్కు శుభ్రం చేద్దాం' అని ఆ క్యాష్ ఫోల్డరు ఖాళీ చేస్తే ఆ ఫైళ్లకు నీళ్లొదులుకోవలసిందే.

పెద్ద సరుకు డ్రైవు గుండా పంపవద్దు

50 గిగాబైట్ల హద్దు పెట్టాం కదా అని 200 గిగాబైట్లు ఒక్కసారి ఎక్స్‌లోకి లాగితే ఆ హద్దు నిలవదు. ఇంకా పైకి వెళ్లని ఫైలును ఆర్‌క్లోన్ తాత్కాలిక నిల్వ నుంచి తీసేయదు, తీసేయకూడదు కూడా. డి డ్రైవు నిండిపోతుంది. పాత పెళ్లిళ్లన్నీ మొదటిసారి ఎక్కించేటప్పుడు డ్రైవును పక్కన పెట్టి నేరుగా పంపండి:

ఆర్‌క్లోన్ కాపీ డి:\2024 గోడౌన్:స్టూడియో-ఆర్కైవ్/2024 --ప్రోగ్రెస్

మధ్యలో ఆగినా మళ్లీ నడిపితే అప్పటికే వెళ్లిన ఫైళ్లను వదిలేసి మిగతావి పంపుతుంది. 'కాపీ' బదులు 'సింక్' మాత్రం వాడవద్దు. సింక్ అంటే అక్కడిది ఇక్కడిదానిలా చేయడం. స్థలం కోసం ఇక్కడ తొలగించినవన్నీ అక్కడా తొలగిపోతాయి. దాచుకోవడానికి పెట్టుకున్న చోట ఇంతకంటే ప్రమాదం లేదు.

ఎంతసేపు పడుతుంది? ప్యాకేజీ ప్రకటనలో కనిపించే వేగం ఎక్కువగా డౌన్‌లోడ్‌ది. మనకు కావలసింది అప్‌లోడ్ వేగం. సెకనుకు 20 మెగాబిట్లు నిలకడగా ఉంటే 40 గిగాబైట్ల పెళ్లికి నాలుగున్నర గంటలు. ఫోను హాట్‌స్పాట్ మీద 5 మెగాబిట్లే వస్తే దాదాపు పద్దెనిమిది గంటలు. పగలు లైనంతా ఇదే తినేస్తే పక్కనున్నవారు ఊరుకోరు. దానికి ఒక సదుపాయం ఉంది. కాపీ ఆదేశం చివర ఇది చేర్చండి:

--బిడబ్ల్యులిమిట్ "08:00,512కె 21:00,ఆఫ్"

ఉదయం ఎనిమిది నుంచి సెకనుకు 512 కిలోబైట్లే, రాత్రి తొమ్మిది దాటాక ఎంతైనా. ఇవి బైట్లు, బిట్లు కావు. నెట్ సంస్థలు చెప్పే అంకెను ఎనిమిదితో భాగించి చూసుకోండి.

అంతా వెళ్లాక 'కాపీ' స్థానంలో 'చెక్' పెట్టి, ప్రోగ్రెస్ బదులు '--వన్-వే' అని చేర్చి నడపండి. రెండు చోట్లా ఉన్నవి సరిపోలుస్తుంది. తేడాలు సున్నా అన్నాకే ఇక్కడివి తొలగించే ఆలోచన చేయండి.

ఎక్స్ మీద ఏం పని చేయకూడదు

ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ ప్రోగ్రాము తన లెక్కలు రాసుకునే క్యాటలాగ్ ఫైలు పెట్టవద్దు. నెట్‌వర్క్ డ్రైవు మీది క్యాటలాగ్‌ను ఆ ప్రోగ్రామే తెరవదు. దుకాణం లెక్కల సాఫ్ట్‌వేరు డేటా కూడా అంతే, క్షణక్షణం చిన్న రాతలు రాసే ఏ ఫైలూ ఇక్కడ పెట్టదగింది కాదు. పని డి మీద, పూర్తయినది ఎక్స్ మీద. ఇద్దరు రెండు కంప్యూటర్లలో ఒకే ఫైలు తెరిస్తే తాళం పడదు. చివర సేవ్ చేసినవారి రాత మిగులుతుంది. ఒకరు కొత్తగా పెట్టినది రెండోవారికి అయిదు నిమిషాల దాకా కనపడకపోవచ్చు. జాబితాను అంతసేపు గుర్తుంచుకోవడం ఆర్‌క్లోన్ అలవాటు.

ఫోల్డర్లను బొమ్మల రూపంలో చూడవద్దు. బొమ్మ చూపించాలంటే విండోస్ ప్రతి ఫొటోనూ కొంతైనా దించుకోవాలి. వివరాల జాబితా రూపమే మేలు. అప్పుడూ నెమ్మదిగా ఉంటే మౌంట్ ఆదేశానికి '--యూజ్-సర్వర్-మోడ్‌టైమ్' చేర్చండి. లేకపోతే ఫైలు తేదీ కోసం ఆర్‌క్లోన్ ఒక్కో ఫైలుకు ఒక్కో ప్రశ్న వేస్తుంది. 800 ఫొటోలకు 800 ప్రశ్నలు. దీనితో అప్‌లోడ్ అయిన తేదీ కనిపిస్తుంది, నాకు అది చాలు.

తెలుగు పేర్ల సంగతి

ఫైళ్లకు తెలుగులో, ఒడియాలో పేర్లు పెట్టవచ్చు. మా దగ్గర రెండూ ఉన్నాయి. కాని మొత్తం పేరు, అంటే ఫోల్డర్లతో కలిపి, 1024 బైట్లు దాటకూడదు. ఆంగ్ల అక్షరం ఒక బైటు. తెలుగు, ఒడియా లిపుల్లో ప్రతి గుర్తూ మూడు. శ్రీ అనేది చూడటానికి ఒకటే అక్షరం. కంప్యూటరుకు శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు గుర్తులు, పన్నెండు బైట్లు. పర్లాకిమిడికి ముప్పై మూడు. శుభలేఖ మొత్తం ఫోల్డరు పేరుగా పెట్టే అలవాటు ఉన్నవారు గమనించాలి.

ఇంకొక చిక్కు. పదం చివర పొల్లు తరువాత కొన్ని కీబోర్డులు కంటికి కనపడని గుర్తును చేర్చుతాయి. 'ఆల్బమ్' అనే ఫోల్డర్లు రెండు కనిపించి, ఒకదానిలో సగం ఫొటోలు, ఇంకొకదానిలో సగం ఉంటే కారణం అదే. నేను చివరికి తేదీ, ఊరి పేరు ఆంగ్లంలో పెట్టే పద్ధతికి వచ్చాను: సంవత్సరం, నెల, రోజు, ఊరు. మాతృభాష మీద ప్రేమ ఆల్బమ్ అట్ట మీద చూపిస్తున్నాను.

తాళం దాచడం, మళ్లీ తెరిచి చూడటం

మీ సీక్రెట్ కీ ఆర్‌క్లోన్ అమరిక ఫైలులో చదవగలిగే రూపంలోనే ఉంటుంది. అది ఎక్కడుందో 'ఆర్‌క్లోన్ కాన్ఫిగ్ ఫైల్' చెబుతుంది. దానికి పాస్‌వర్డ్ పెట్టవచ్చు. కాని అప్పుడు ప్రతిసారీ అడుగుతుంది. ఒక బకెట్‌కే పరిమితమైన తాళం, విండోస్‌కు గట్టి పాస్‌వర్డ్ ఉంటే చిన్న దుకాణానికి సరిపోతాయని నా అభిప్రాయం. ఫొటోలే ఇతరులెవరూ చూడలేని రూపంలో ఉండాలంటే ఆర్‌క్లోన్‌లో 'క్రిప్ట్' అనే పొర ఉంది. అది వాడితే దాని పాస్‌వర్డులు పోయిననాడు ఫొటోలు పోయినట్టే, తిరిగి ఇచ్చే నాథుడు లేడు. కాగితం మీద రాసి పాతపట్నంలో మా బావమరిది ఇంట్లో పెట్టాను. స్టూడియో బీరువాలో మాత్రం కాదు.

రోజూ ఆదేశం కొట్టలేనంటే దాన్ని నోట్‌ప్యాడ్‌లో రాసి బ్యాచ్ ఫైలుగా (తెరిస్తే లోపలి ఆదేశాలు నడిచే ఫైలు) సేవ్ చేసి, విండోస్ స్టార్టప్ ఫోల్డరులో పెట్టండి. ఆర్‌క్లోన్ ఉన్న ఫోల్డరు దారిని పూర్తిగా రాయాలి. డ్రైవు విడదీయాలంటే, రెండు సున్నాలు చూశాక, నల్ల కిటికీలో కంట్రోల్ పట్టుకుని 'సి' నొక్కండి. లినక్స్‌లో విన్ఎఫ్ఎస్‌పి అవసరం లేదు, అక్కడ అదే పని చేసే ఫ్యూజ్ ఉంటే చాలు. డ్రైవు అక్షరం బదులు ఒక ఖాళీ ఫోల్డరు చూపించాలి, నెట్‌వర్క్ మోడ్ అన్న జెండా తీసేయాలి.

చివరి పని వేరే కంప్యూటరులో. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న మరో టోకెన్ చేసి, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఇదే అమరిక చేయండి. మౌంట్ ఆదేశానికి '--రీడ్-ఓన్లీ' చేర్చండి. నెలకోసారి ఏదో ఒక పాత పెళ్లి తెరిచి, మధ్యలోంచి నాలుగు ఫొటోలు, వీడియోలో ఒక చోటు చూడండి. కిందటి నెల నేను తెరిచింది మెళియాపుట్టి పెళ్లి. మూడో ఫొటోలో నా లెన్సు మూత కుర్చీ మీద కనిపించింది, ఎక్కడ మరిచిపోయానా అని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను.